దూడ వాటా దూడకే
(పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పాల రేటు కోసం ఎన్నో ధర్నాలు చేశాం. ఇంకా చేస్తాం. ఈ రోజు మాత్రం మన కొట్టంలోనే జరిగే నష్టం గురించి మాట్లాడతాను.

అప్పు చేసి మొదటి ముర్రా గేదెను కొన్నప్పుడు, ప్రతి చుక్కా వాయిదాకే అనుకున్నాను. పొదుగు చేపగానే దుడ్డెను లాగి గుంజకు కట్టేసేవాణ్ణి. నెల తిరక్కముందే అది చచ్చిపోయింది. దుడ్డె లేక గేదె చేపలేదు, వట్టిపోయింది. వాయిదా మాత్రం ఆగలేదు. సూది వేయించి పాలు పితకమన్నారు కొందరు. అది గేదెను పాడుచేసే పని. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

మన పక్క గూడేల్లో పాతకాలం కోయ పెద్దలు ఆవును పితికేవారు కాదు, పాలు దూడవి అనేవారు. పాలమ్ముకుని బతికే మనం అంత వదల్లేం. దూడ వాటా అయినా దూడకు వదలాలి కదా!

ఆ వాటా ఎంత? ఈనిన గంట, రెండు గంటల్లోనే ముర్రుపాలు తాగించండి. మాయ పడేదాకా ఆగొద్దు. బొడ్డుకు టించర్ అయోడిన్ పూయండి. మొదటి నెల దూడ బరువులో పదో వంతు పాలు, అంటే 30 కిలోల దుడ్డెకు రోజుకు 3 లీటర్లు. రెండో నెల బరువులో పదిహేనో వంతు, మూడో నెల ఇరవయ్యో వంతు. ఏలికపాములు తల్లి పాల నుంచే దుడ్డె కడుపులోకి వస్తాయి. పదో రోజుకల్లా డాక్టరును అడిగి నట్టల మందు తాగించండి.

మూడో వారం నుంచి మొక్కజొన్న పిండి, పల్లిచెక్క, తవుడు, ఖనిజ లవణాలు కలిపిన దాణా, లేత గడ్డి అలవాటు చేయండి. పాలు ఒక్కసారిగా మాన్పొద్దు. మూడు నెలలకు దాణా, గడ్డి బాగా తింటుంటేనే మాన్పండి. దున్న దూడే కదా అని ఎండగట్టకండి. అది పోతే ఆ ఈతకు మన పాలూ పోతాయి. పెయ్య దూడ బతికితే నాలుగేళ్ళకు అప్పు లేకుండా కొట్టంలోనే గేదె తయారవుతుంది.

దీన్నంతా రైతు మీదే వేస్తే కుదరదు. సునందిని పథకం కింద దూడలకు రాయితీ దాణా ఇచ్చిన రోజులున్నాయి. ఆ సాయం ప్రతి దూడకూ అందాలి. 1962కు ఫోన్ చేస్తే పశువైద్య బండి వస్తుంది. కానీ నియోజకవర్గానికి ఒక బండి అయితే వాగులు దాటి మన అడవి పల్లెలకు వచ్చేదెప్పుడు? బండ్లు పెంచాలి, దూడలకూ బీమా కావాలి. ఇవి మన సంఘం డిమాండ్లు.

సాయంత్రం ఇంటికెళ్ళాక, పాల చెంబు పట్టుకునే ముందు ఒక్కసారి దూడ డొక్క చూడండి.