దణ్ణం పెట్టినాయనా, తిట్టినాయనా?



టీవీలో 'శంకరాభరణం' వచ్చినప్పుడల్లా మా మామ్మ చేతిలో పని వదిలేసి వచ్చి కూర్చునేది. శంకరశాస్త్రి కనపడగానే దణ్ణం పెట్టేది. మా నాన్నగారు నవ్వి, "అమ్మా, కన్యాశుల్కంలో రామప్ప పంతులు వేషం కట్టేది ఈయనే. అప్పుడు చూసుంటే చీపురు తిరగేసేదానివి" అనేవారు. మామ్మ నమ్మేది కాదు.

నమ్మకపోవడానికి కారణం ఉంది. మామ్మ మేనత్తని తొమ్మిదో ఏట, డబ్బు పుచ్చుకుని, ఓ ముసలాయనకి కట్టబెట్టారట. పన్నెండో ఏటికల్లా బొట్టు లేకుండా పుట్టింటికి తిరిగొచ్చింది. అటువంటి పెళ్ళిళ్ళలో తలదూర్చి బతికే మనిషి రామప్ప పంతులు.

జొన్నలగడ్డ వెంకట సోమయాజులుగారిది మన శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం. నాటకం అబ్బింది మాత్రం విజయనగరంలో. గురజాడవారి కన్యాశుల్కం 1892లో మొట్టమొదట ఆడింది ఆ ఊళ్ళోనే కదండీ! సోమయాజులుగారి తమ్ముడు రమణమూర్తిగారు గిరీశం. పూర్తిగా ఆడితే రాత్రంతా సాగే నాటకాన్ని కుదించి, ఏళ్ళ తరబడి ఊరూరా ఆడించారాయన. 1957లో 'ఎం.ఎల్.ఏ.'తో సినిమాల్లోకి వెళ్ళినా, 2016లో పోయేదాకా జనానికి ఆయన గిరీశమే.

అన్నగారు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. పగలు ఫైళ్ళు, రాత్రి రిహార్సళ్ళు. (నాటకాల వాళ్ళ ఇళ్ళల్లో అర్ధరాత్రి కాఫీలు కలిపిన ఇల్లాళ్ళ పేర్లు ఏ కరపత్రంలోనూ వేయరు. అది వేరే సంగతి.)

యాభై దాటాక, 1980లో, విశ్వనాథ్‌గారి శంకరాభరణం ఆయన్ని ఇంటింటికీ తెచ్చింది. పాడింది బాలుగారు. కానీ ఆ కూర్చున్న తీరు, ఆ చూపు, శ్రుతి తప్పితే ముఖం చిట్లించడం చూసి ఈయనే పాడుతున్నారనుకున్నాం. అది ఒక్క సినిమాకి వచ్చిన విద్య కాదు. మైకుకి దూరంగా, వెనక బెంచీవాడికి కూడా అందేలా ఒళ్ళంతా నటించిన స్టేజీ విద్య.

తర్వాత కన్యాశుల్కం టీవీ సీరియల్‌గా వచ్చినప్పుడు అన్నదమ్ములు మళ్ళీ అవే వేషాలు వేశారు. మామ్మని కూర్చోబెట్టాం. రామప్ప పంతులు నోరు విప్పాడు. "గొంతు ఆయనదేనే!" అంది. కాసేపు చూసి, తిట్లు లంకించుకుని, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

2004లో సోమయాజులుగారు పోయారని పేపరు చదివి చెప్పాను.

"ఎవరే? దణ్ణం పెట్టినాయనా, తిట్టినాయనా?"

"ఇద్దరూను, మామ్మా."