కళాశాల విద్యార్థి – కార్ల మరమ్మతు పని



నల్లగొండ, పాలమూరు సీమలలోని గ్రామపెద్దలతో నేడొక యింటి విషయమును ముచ్చటింప దలచితిని. విషయము చిన్నదిగానే కానవచ్చును. కాని యది యింటిలో పుట్టిన నాడు పెద్ద రగడ యగుచున్నది. నల్లగొండలోనో మహబూబునగరములోనో కళాశాలలో బి.ఎస్‌సి. చదువుచున్న మనుమడు సెలవులకు వచ్చి, “తాతా, కార్ల షెడ్డులో పనికి కుదురుకొందునా?” యని యడుగును. “కారు క్రింద పండుకొనుటకా నిన్నింత చదివించితిమి?” యని తాత మండిపడును. తల్లి కొంగుతో కన్నులొత్తుకొనును. రెండు దినములు ఆ యింట నెవ్వరును సరిగా నన్నము తినరు.

తాత కోపము నిష్కారణమైనది కాదు. పాలమూరు పేరు వినగానే, దేశమున నలుదిక్కుల ఆనకట్టలు కట్టి కాలువలు త్రవ్విన కూలిజనము జ్ఞప్తికి వత్తురు. తట్టయు పారయు పట్టి యూరూర తిరిగినవారు, తమ బిడ్డల చేతికి మట్టి యంటరాదనియే వారిని బడికి పంపిరి. అట్టి యింట పుట్టి, పదునాలుగేండ్లు చదివిన పిల్లవాడు మరల చేతికి మసి పూసుకొందు ననినచో, తాము పడిన కష్టమంతయు వ్యర్థమైనట్లు పెద్దలకు తోచుట సహజమే. ఈ బాధను పరిహసించువారితో నేనేకీభవింపను. అయినను తట్ట మోయుటయు ఇంజను విప్పుటయు నొక్కటే యని తలపవలదని మనవి. తట్ట మోసినవాడు ఇరువదేండ్లకును కూలివాడే. ఇంజను విప్ప నేర్చినవాడు అంతకాలమునకు నలుగురికి పని చెప్పు మేస్త్రి కావచ్చును.

మన ప్రాంతమునకు మోటారు పని క్రొత్తది కాదు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను స్థాపించి, 27 బస్సులతోను 166 మంది యుద్యోగులతోను నడుపనారంభించిరి. బస్సు నడువవలెనన్నచో బాగుచేయువాడు నుండవలయును గదా! నేడు హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడల మీదుగాను, బెంగుళూరునకు పోవు 44వ రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోటల మీదుగాను సాగుచున్నవి. 2016లో పాత జిల్లాలు చీలి సూర్యాపేట, వనపర్తి, గద్వాల మున్నగు చోట్ల క్రొత్త జిల్లాలేర్పడినవి గాని, రోడ్లు మాత్రమట్లే యున్నవి. ఆ రోడ్ల వెంట మరమ్మతు షెడ్డు లేని కూడలి యరుదు.

కోయంబత్తూరు దగ్గర నొక తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారి కథను మీలో కొందరు వినియుందురు. ఆయన బడిచదువు స్వల్పము. యౌవనమున నొక మోటారు సైకిలును చూచి మోహపడి, హోటలులో పని చేసి సొమ్ము కూడబెట్టి దానిని కొని, విప్పి, మరల బిగించి, యంత్రవిద్య నేర్చెను. 1920లో పొల్లాచ్చి, పళనిల నడుమ నొక బస్సును నడిపెను. తరువాత గొప్ప పారిశ్రామికుడయ్యెను. ఈ కథ చెప్పి, చదువుతో పనియేమి యని వాదించువారు కలరు. అది పొరపాటు. ఆ కాలపు యంత్రము విప్పినవానికి తన గుట్టు తానే చెప్పెడిది. నేటి కారు అట్లు చెప్పదు.

ఎట్లనగా, 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున అమ్ముడగు క్రొత్త కార్లు బి.ఎస్. ఆరు అను పొగ నియమములకు లోబడి యుండవలెను. ఇట్టి కారులో ఇంజనును కనిపెట్టుచుండు చిన్న కంప్యూటరు కలదు. స్టీరింగు క్రిందనున్న సాకెట్టుకు స్కానరును తగిలించినచో, దాని తెరపై దోషసంకేతము కనబడును. ‘పి 0301’ అని వచ్చెననుకొనుడు. మొదటి సిలిండరులో ఇంధనము సరిగా మండుట లేదని దాని యర్థము. ఇంతవరకు చదువు చెప్పును. అది మండకుండుటకు స్పార్కు ప్లగ్గు కారణమా, దానికి విద్యుత్తునందించు కాయిలు కారణమా, పెట్రోలును చిమ్ము ఇంజెక్టరా, సిలిండరులోని యొత్తిడియే తగ్గినదా – ఇది తెరపై రాదు. అప్పుడు తెలిసిన మేస్త్రి మొదటి సిలిండరు కాయిలును రెండవదానికిని, రెండవదానిది మొదటిదానికిని మార్చి, ఇంజనును మరల నడిపించి చూచును. సంకేతము ‘పి 0302’ గా మారినచో దోషము కాయిలు వెంట నడచిపోయినదన్నమాట. మారనిచో కాయిలు నిర్దోషి, తక్కినవానిని వెదుకవలెను. ఈ యుక్తి తెలియనివాడు నాలుగు సామానులును క్రొత్తవి వేసి, కారు యజమానిచేత నాలుగింటికిని వెల యిప్పించును. మీ బోరు మోటారు తిరుగనప్పుడు పొరుగువాని స్టార్టరు తెచ్చి తగిలించి చూచుట మీరెరుగుదురు. ఇదియు నట్టిదే.

ఒక్కదానిని మాత్రము మార్చి, తక్కినవానిని కదల్పక, ఫలితమును చూచుట. కళాశాలలో భౌతికశాస్త్ర ప్రయోగశాల నేర్పునది యిదియే. చిన్ననాడే షెడ్డులో చేరినవానికి చేయి కలదు, పుస్తకము లేదు. మీ మనుమనికి పుస్తకము కలదు, చేయి లేదు. అతడడుగుచున్నది ఆ చేతిని సంపాదించుకొను నవకాశమే. (పదునాలుగేండ్ల లోపు పిల్లలను షెడ్డు యజమాని పనిలో పెట్టుకొనుట చట్టవిరుద్ధము. అట్టివారు కనబడినచో, పెద్దలు చూచి యూరకుండరాదు.)

కావున “పోవలెనా, వలదా” యను తగవును విడిచి, “ఎచట, ఎట్టి యొడంబడికతో” అను ప్రశ్నను పట్టుకొనుడు. మొదటి మాట: డిగ్రీని నడుమ విడువనీయకుడు. మిగిలిన యేడాది రెండేండ్లు సాయంకాలములును సెలవులును షెడ్డునకు చాలును. అతనికి నిజముగా నిష్టమున్నదో లేదో అంతలోనే తేలిపోవును. పదునెనిమిదేండ్లు నిండియున్నచో కారు నడుపు లైసెన్సు తీయింపుడు. కారును లోపలికి తెచ్చుటకును, బాగుచేసిన పిమ్మట నడిపి చూచుటకును అది లేనివానిని పెద్ద కర్మశాలవారు చేర్చుకొనుటకు సంశయింతురు.

పదవ తరగతి యుత్తీర్ణుడైనవానికి ఐ.టి.ఐ.లో మోటారు వాహనముల మెకానిక్కు విద్య రెండేండ్లు. డిగ్రీ పిమ్మటనైనను చేరవచ్చును. అందు నామోషీ లేదు. మరియొకటి, 1961 నాటి అప్రెంటిసుల చట్టము. దీని క్రింద నేర్చుకొనువానికిని యజమానికిని వ్రాతమూలకమైన యొప్పందము జరుగును. నెలకు భృతి యీయవలెను. 2019లో సవరించిన నియమములలో ఆ భృతి, చదువునుబట్టి, కనీసము 5,000 రూపాయల నుండి 9,000 రూపాయల వరకు నిర్ణయింపబడినది. ముప్పదిమందికి పైగా పనివారున్న సంస్థ అప్రెంటిసులను తీసికొనితీరవలెను. నలుగురికి తక్కువ పనివారున్న రోడ్డుప్రక్క షెడ్డుకు ఈ పద్ధతి వర్తింపదు. అచట కాగితముండదు, మీ పెద్దరికమే కాగితము.

కార్ల కంపెనీల సర్వీసు కేంద్రమున చేరువానికి నొక ప్రలోభము కలదు. పిల్లవానికి ఇంగ్లీషు వచ్చునని తెలిసిన వెంటనే, తెల్లచొక్కా తొడిగించి, బల్ల దగ్గర కూర్చుండబెట్టి, వచ్చినవారితో మాటాడి జాబ్ కార్డులు వ్రాయు పని నప్పగింతురు. ఇంటివారు సంతోషింతురు, చేతికి మసి యంటలేదు గదా! నాకు మాత్రమిది నచ్చదు. ఇంజను విప్పి యెరుగనివాడు వ్రాయు జాబ్ కార్డు, పొలము చూడక వ్రాసిన పహాణీ వంటిది. మొదటి రెండేండ్లు పానా పట్టిన పిమ్మట ఆ బల్ల దొరికినచో మంచిదే.

చిన్న షెడ్డులో నేర్చుకొనదలచినచో, ఇంజను మేస్త్రి, వైరింగు మేస్త్రి, టింకరింగు చేయువాడు, రంగు వేయువాడు వేర్వేరుగా నుందురు. చదువుకొన్న పిల్లవాడు ఇంజను, వైరింగుల వద్ద నుండుట మేలని నా యభిప్రాయము. తొలుత కార్లు కడుగుట, పానా లందించుట, టీ తెచ్చుట తప్పవు. దానికి చిన్నబుచ్చుకొనరాదు. అయితే అది యెన్ని నెలలు? ఆయిలు, ఫిల్టర్లు మార్చుట యెప్పుడు నేర్పుదురు? బ్రేకుల మీద చేయి వేయనిచ్చుట యెప్పుడు? క్లచ్చు విప్పనిచ్చుట యెప్పుడు? ఈ ప్రశ్నలను పిల్లవాడు మేస్త్రి నడుగజాలడు. అడిగినను, “నిన్న వచ్చి నేడే ఉస్తాదు కావలెనా?” యని త్రోసిపుచ్చుదురు. తాత యడిగినచో బదులు చెప్పక తప్పదు. ఆ బదులును నలుగురి యెదుట చెప్పించుకొనుడు.

కావున, కోపము తగ్గిన పిమ్మట, మనుమని వెంట షెడ్డునకు మీరే యొకసారి పొండు. గంటసేపు బల్లమీద కూర్చుండి చూడుడు. విద్యుత్తుతో నడచు కార్లును వచ్చుచున్నచోటైతే, నారింజరంగు తీగలను తాకువాడు దానికి తగిన చేతితొడుగులు వేసికొనెనో లేదో గమనింపుడు. ఆ తీగలలోని విద్యుత్తు ప్రాణము తీయగలది. కారును పైకెత్తినప్పుడు ఇనుప స్టాండ్లు పెట్టుచున్నారా యని చూడుడు. వట్టి జాకీ మీద నిలిపిన కారు క్రిందికి మనిషి దూరుచున్నచో, వారిచ్చిన టీ త్రాగి, నమస్కారము చెప్పి, పిల్లవానిని వెంటబెట్టుకొని తరువాతి షెడ్డునకు పొండు.