పాఠంలోంచి తీసేసిన రైతు

(మండల రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



గిట్టుబాటు ధర గురించి, కరెంటు గురించి మాట్లాడుకునేచోట ఈ బడిపుస్తకాల గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది, వినండి.

స్వాతంత్ర్యం తర్వాతి దేశ రాజకీయాల మీద 2007లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతికి ఒక పుస్తకం తెచ్చింది. అందులో ప్రజా ఉద్యమాలకు ఒక అధ్యాయం మొత్తం ఇచ్చారు. చిప్కో, దళిత పాంథర్లు, నర్మద అన్నీ ఉన్నాయి. కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా 1988 జనవరిలో మీరట్‌లో 20 వేల మంది రైతులు చేరి, మూడు వారాలు బైఠాయించిన సంగతి ఉంది. మన నెల్లూరు జిల్లా దూబగుంట కూడా ఉంది. వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు, వాచకంలో పాఠం చదివి, చర్చించుకుని సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం జిల్లాలు దాటి 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. పాఠానికి ఎంత బలముందో దూబగుంటను చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పాలకులకూ అది తెలుసు.

2022లో ఆ అధ్యాయం మొత్తం ఎత్తేశారు. పదో తరగతిలో ప్రజా పోరాటాల పాఠమూ పోయింది. కోవిడ్ వల్ల చదువులు దెబ్బతిన్నాయి, పిల్లలకు భారం తగ్గిస్తున్నాం అన్నారు. భారం తగ్గించాల్సిందే, కాదనను. మరి ఏది భారమో తేల్చింది ఎవరు? ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చుని రైతులు మూడు చట్టాలు రద్దు చేయించుకున్న మరుసటి ఏడాదే మీరట్ రైతు పిల్లలకు బరువైపోయాడు! రెంటికీ ముడి ఉందనడానికి నా దగ్గర కాగితమేమీ లేదు. మీరే ఆలోచించండి.

ఆ పుస్తకానికి ముఖ్య సలహాదారులైన యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ తమను సంప్రదించలేదని, తమ పేర్లు తొలగించమని 2023లో ఎన్‌సీఈఆర్‌టీకి లేఖ రాశారు. తయారుచేసినవాళ్లనే అడగనివాళ్లు మనల్ని అడుగుతారా?

నవోదయల్లో చదివేది ఎక్కువగా మన పల్లె పిల్లలే. తాతలు లాఠీలు తిని ఉచిత కరెంటు అడిగిన సంగతి వాళ్లకు ఏ పుస్తకం చెప్పాలి?

వచ్చే నెల గ్రామ కమిటీల్లో రెండు పనులు పెట్టుకుందాం. ఆ పాత అధ్యాయం సంపాదించి, తెలుగులో చెప్పి పిల్లలకు వినిపించాలి. సారా పోరాటంలో ఉన్న అక్కలు, అమ్మలు మీ ఊళ్లలో ఉంటే వాళ్ల మాటలు రాసుకురండి, పత్రికలో వేద్దాం. రాష్ట్ర పాఠ్యపుస్తకాల కమిటీలు రైతు, కూలీ సంఘాల అభిప్రాయం తీసుకోవాలని వినతిపత్రం రాసి తెచ్చాను. భోజనాలకు లేచేముందు సంతకాలు పెట్టండి.