నాన్నగారి తరిమెన



హోసూరు పక్క మా ఇంటి వెనక పంచలో ఒక తరిమెన ఉంది. ఇప్పుడందరూ లేత్ అంటున్నారు. కర్రను గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే యంత్రం అది. మా నాన్నగారు బడిపంతులు. సాయంత్రాలు దాని ముందు కూర్చుని పప్పుగుత్తులు, అప్పడాల కర్రలు, వీధి పిల్లలకు బొంగరాలు తీసేవారు. ఆయన పోయాక ఆరేళ్ళు దాని మీద గోనెపట్టా కప్పి ఉంచాం. పాత ఇనుము కొనే అతను తూకం లెక్కన అడిగాడు. తమ్ముడు ఇచ్చేద్దామన్నాడు. అమ్మ మాత్రం, "ఒక్కసారి తిప్పి చూసి, అప్పుడు అమ్మండిరా" అంది. ఆ మాట మీద మొదలుపెట్టిన పని ఇది. ఇలాంటి యంత్రాలు మీలోనూ కొందరి ఇళ్ళలో మూలన పడి ఉండవచ్చు. అందుకే నేను నేర్చుకున్నది, చేసిన పొరపాటుతో సహా, మీకు చెబుతాను.

ఏళ్ళ తరబడి ఆగి ఉన్న యంత్రానికి రాగానే కరెంటు ఇవ్వకూడదు. ముందు ప్లగ్గు ఊడదీసి పెట్టుకోండి. దుమ్ము దులిపి, తుప్పు ఉన్నచోట కిరోసిను రాసి ఒక పూట నాననిచ్చి, సన్నని ఎమరీ కాగితంతో రుద్దండి. ఆరిన తరువాత పలచగా మిషను నూనె పూయండి. ఇరుసును చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే బేరింగు పోయినట్టు. పాత బేరింగు మీదే నంబరు ఉంటుంది. దాన్ని అంగడికి తీసుకుపోతే సరిపోయేది ఇస్తారు. బెల్టును వంచి చూడండి. లోపలి వైపు పగుళ్ళు కనిపిస్తే మార్చండి. దాని మీద కూడా కొలత అచ్చు వేసి ఉంటుంది.

ఇక వైర్లు. ఎలుకలు కొరికి ఉండవచ్చు, పాత రబ్బరు పెళుసెక్కి ఉండవచ్చు. ఎర్తు వైరు తప్పకుండా ఉండాలి. మోటారు మూలిగి తిరగకపోతే, ఎక్కువగా కెపాసిటరు పోయి ఉంటుంది. చేత్తో తిప్పి సాయం చేయబోకండి. కెపాసిటరులో కరెంటు తీసేశాక కూడా విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియనుకే వదలండి.

తరువాతిది వేగం. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుందనుకోండి. మోటారు కప్పీ 2 అంగుళాలు, ఇరుసు కప్పీ 4 అంగుళాలు అయితే కర్ర 720 చుట్లు తిరుగుతుంది. కప్పీలు తారుమారు చేస్తే 2880. లావు కర్రకు, ఎగుడుదిగుడు మొద్దుకు తక్కువ వేగమే పెట్టాలి. కర్ర నునుపైన కొద్దీ పెంచుకోవచ్చు. ఉలిని ఆనించే దిమ్మెను కర్రకు వీలైనంత దగ్గరగా, తగలకుండా బిగించండి. స్విచ్చి వేసే ముందు ప్రతిసారీ కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి.

ఇప్పుడు నా పొరపాటు. పని మొదలుపెట్టిన నెలకు, ఒక సాయంత్రం బొంగరం చెక్కుతుండగా కరెంటు పోయింది. నేను స్విచ్చి ఆపలేదు. కర్ర ఎంత నునుపు వచ్చిందో చూద్దామని వేలు పెట్టాను. అంతలో కరెంటు వచ్చింది. కర్రకూ దిమ్మెకూ మధ్య వేలు పడింది. గోరు ఊడిపోయింది. వేలు మిగిలింది, అది నా అదృష్టం.

కట్టు కట్టుకుని కూర్చున్నప్పుడు ఒకటి గుర్తొచ్చింది. కరెంటు పోగానే నాన్నగారు ముందు చేయి చాచి స్విచ్చి ఆపేవారు. ఆ తరువాతే లాంతరు వెలిగించమని అమ్మను పిలిచేవారు. చీకట్లో ఆ టిక్కుమనే చప్పుడు నేను చిన్నప్పుడు వందసార్లు విన్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు కరెంటు పోతే తనంతట తానే తెగిపోయే స్విచ్చి పెట్టించాను. మళ్ళీ బొత్తాం నొక్కితే తప్ప యంత్రం కదలదు. పాత యంత్రానికి మీరు పెట్టే మొదటి ఖర్చు అదే కావాలి.

తరిమెన దగ్గర చేతికి తొడుగులు వద్దు. కర్ర వాటిని లాగితే చేయి కూడా పోతుంది. జారే కండువా, వదులు చేతుల చొక్కా, మెడలో గొలుసు, విరబోసిన జుట్టు ఉండకూడదు. కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ ఉండాలి. ఉలి సాన పట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్ళలో ముంచండి. పాత ఉక్కు ఉలి అంచు నీలిరంగు తిరిగితే పదును నిలవదు. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి పారేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరేయండి.

ఏ కర్ర చెక్కాలి అంటారా? విశాఖ వైపు ఏటికొప్పాక బొమ్మలకూ, కన్నడ దేశంలో చన్నపట్నం బొమ్మలకూ వాడేది ఒకే చెట్టు. మనం అంకుడు అంటాం, కన్నడంలో హాలె మర, తమిళంలో వెట్పాలై. మెత్తగా, ఈనె సన్నగా ఉండి ఉలికి లొంగుతుంది. దొరకకపోతే బాగా ఆరిన వేప ముక్కతో మొదలుపెట్టండి. పచ్చి కర్ర చెక్కితే ఆరేటప్పుడు పగులుతుంది.

మా అమ్మాయి బడిలో చదివేది తమిళం. ఉలి అన్న మాట ఆమెకు రెండు భాషల్లోనూ ఒకటే. తరిమెన, బాడిస, చేవ అన్న మాటలు మాత్రం ఏ పుస్తకంలోనూ ఆమెకు రాలేదు, ఆ పంచలో వచ్చాయి. మొన్న కరెంటు పోయినప్పుడు, కొత్త స్విచ్చి ఉన్నా సరే, ఆమె ముందు చేయి చాచి దాన్ని ఆపింది. ఎందుకని నేను అడగలేదు. అది ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు.

మీ ఇంట్లో గోనెపట్టా కింద ఏముందో ఈ ఆదివారం ఒకసారి తీసి చూడండి. ప్లగ్గు మాత్రం ముందే ఊడదీయండి.