తారు రోడ్డుపై నెర్రెలు

పంచాయతీ సభ్యులారా,

పుష్యమాసము వచ్చునప్పటికి కౌతాళం చుట్టుపట్ల తారు రోడ్లు నెర్రెలు విచ్చుట మీరెరిగినదే. చలికి తారు బిగిసి పగిలినదని తలచుట సహజము. ఆ మాట కెనడా వంటి దేశములకు చెల్లును. అచట శీతకాలమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 30 డిగ్రీల వరకు పోవు తావులు కలవు. తారు గాజువలె పెళుసెక్కి, కుదించుకొనజూచి, అందుకు వీలు లేక తెగును. అట్టి పగులు రోడ్డుకు అడ్డముగా, ఈ అంచునుండి ఆ అంచు వరకు సాగును. మన చలి అంతటిది కాదు. మన నెర్రె నిలువుగా, అంచు వెంబడి పోవుచున్నది.

కారణము తారులో లేదు, దాని క్రిందనున్న నల్లరేగడిలో నున్నది. ఈ మట్టి నీరు త్రాగి ఉబ్బును, ఆరి కుదించుకొనును. జొన్న కోసిన చేలో చేతికర్ర దిగబడునంత నెర్రెలు మీకు క్రొత్త కావు గదా! వానలు వెనుకబట్టిన పిదప రోడ్డు అంచుల క్రింది రేగడి ఎండిపోవును. నడుమ తారు కప్పియుండుటచే తడి నిలిచియుండును. అంచు కుదించుకొని జారగా, నడుమ కదలక నిలువగా, ఆ రెంటి సందున తారు చీలును.

చీలినంత మాత్రమున కలుగు నష్టము స్వల్పమే. ముప్పు తొలకరితో వచ్చును. నెర్రె గుండ నీరు దిగి రేగడిని మెత్తపరచును. పైన లారీ పోగానే రోడ్డు కుంగును. శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకు జనము తరలివచ్చు దినములును అవియే. ప్రసవమునకు ఆదోని ఆసుపత్రికి పోవు బండి చిక్కుకొనునది ఆ గుంటలలోనే.

కావున నెర్రెను తొలకరికి ముందే పూడ్చవలెను. రేగడిమట్టిని మాత్రము కూరరాదు. అది మరల ఉబ్బి, మరల ఎండును. సన్నని నెర్రెను కాచిన తారుతోను, వెడల్పైనదానిని రాతిపొడి కలిపిన తారుతోను నింపుట ఇంజనీర్ల పద్ధతి. మేము ప్రచారము చేయువారమే గాని రోడ్లు వేయువారము కాము. అయినను, నెర్రెలున్న తావులను గుర్తించి ఇంజనీరుకు వ్రాసి పంపుట సభ్యుల చేతిలోని పని యని చెప్పగలము. చేల నీరు రోడ్డు ప్రక్క నిలువకుండ కాలువ తీయించుట, కొళాయి గొట్టము కొరకు త్రవ్విన చోట గరుసు పోసి దిమ్మిస కొట్టించుట కూడ పంచాయతీ చూడదగినవే.

చెట్ల విషయమున ఒక మాట. నీడ కొరకు రోడ్డు అంచుననే నాటిన మొక్క పెరిగి, వేళ్లతో రేగడిలోని తడిని పీల్చి, నెర్రెను పెంచును. కొంత ఎడముగా నాటించుడు.

క్రొత్త రోడ్డు అంచనా మీ సభకు వచ్చినపుడు తారు మందము ఎంతయని అడిగి ఊరకుండవలదు. రేగడిలో నూటికి 3 మొదలు 5 పాళ్లు సున్నము కలిపినచో ఉబ్బు తగ్గును. లేదా పై రేగడిని తీసి గరుసు పరచవచ్చును. ఈ రెంటిలో దేనిని వ్రాసిరో, అది అంచుల వరకు కలదో లేదో అడిగి తెలిసికొనుడు.