పదవి పోయింది, పని మిగిలింది



మాకు పౌరశాస్త్రం చెప్పిన మాస్టారు ఏ ఆఫీసు గురించి చెప్పినా, అక్కడ అన్యాయం జరిగితే ఆపైన ఎవరి దగ్గరికి పోవాలో చెప్పందే పాఠం ముగించేవారు కాదు. ఈ సభలో జనాకర్షణ గల నాయకులనూ రాజ్యవ్యవస్థలనూ పక్కపక్కన పెట్టి మాట్లాడమన్నప్పుడు నాకు ఆ పాఠమే గుర్తొచ్చింది. అందుకు మన 1984వ సంవత్సరం చాలు.

పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే, 1983 జనవరి 9న, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఏడాది తిరిగేసరికి, 1984 జనవరి 6న, ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. తాతల నాటి పెత్తనం ఒక్క సంతకంతో పోయింది. ఆ పని చేయడానికి అంతటి జనబలం ఉన్న మనిషే కావలసివచ్చింది. అది న్యాయమైన పనేనని ఇవాళ్టికీ నా నమ్మకం.

అయితే కరణం చేతిలో పెత్తనంతో పాటు ఒక పని కూడా ఉండేది. గట్ల మీద తిరిగి అజమాయిషీ చేసి, ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలు, ఎన్ని సెంట్లు, పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, ఏ పంట వేశారు, నీరు కాలువదా బావిదా అని అడంగల్ రాయాలి. ఇందులో అనుభవదారు కాలమ్ చూడండి. పట్టా పట్నంలో ఉండే ఆసామిది, దున్నేది ఊళ్లో కౌలుదారు. ఆ కాలమ్‌లో పేరు పడితే రేపు తగాదా వచ్చినప్పుడు అతనికి చూపించుకోవడానికి ఒక కాగితం ఉంటుంది. పడకపోతే ఆ పొలానికీ అతనికీ సంబంధమే లేదంటారు. ఈ ఒక్క కాలమ్‌తో ఊరిని ఆడించిన కరణాలు ఉన్నారు. కరణాన్ని తీసేయడం ఒక్క రోజు పని. ఆ కాలమ్‌ను నిజాయితీగా నింపే మనిషినీ, తప్పు రాస్తే వెళ్లి అడిగే చోటునూ ఏర్పాటు చేయడం అంత తేలిక కాదు. ఊరి లెక్కలు కొత్త కొత్త హోదాల పేరుతో చేతులు మారుతూనే వచ్చాయి.

అదే ఏడాది ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆ ముఖ్యమంత్రినే బర్తరఫ్ చేశారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన మనిషి, చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. జనం వీధుల్లోకి వచ్చారు. ఆ జనం లేకపోతే ఢిల్లీ కదిలేది కాదు. అయినా ఆయన అడిగింది ఒక్కటే: శాసనసభను పిలవండి, నా బలం అక్కడ లెక్కపెట్టండి. సెప్టెంబరు 16న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. బలాబలాలు సభలోనే తేలాలన్న సూత్రాన్ని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. జనవరిలో ఒక వ్యవస్థను సంతకంతో తీసేసిన నాయకుడికి ఆగస్టులో ఆదుకోవడానికి ఇంకో వ్యవస్థే దిక్కయింది. కౌలుదారుకు అలాంటి చోటు ఏదని నా ప్రశ్న.

తెలంగాణలో ఇదే కథ మరోసారి నడిచింది. 2020 సెప్టెంబరులో కె. చంద్రశేఖరరావు ప్రభుత్వం గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేసింది. లంచాల మీద జనానికి ఉన్న కోపం నిజమైనదే. అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ మొదలైంది. దాంతోపాటు రెవెన్యూ కోర్టులు పోయాయి, ధరణిలో అనుభవదారు కాలమ్ కూడా లేకపోయింది. రికార్డులో పేరు తప్పు పడితే మండలాఫీసులో సరిదిద్దే దారి లేక రైతు సివిల్ కోర్టు మెట్లెక్కాల్సివచ్చింది. 2025లో భూభారతి చట్టం అప్పీళ్లను తిరిగి తెచ్చింది, ఊళ్లకు గ్రామ పాలన అధికారులు వచ్చారు. తీసేసిన పనినే అయిదేళ్లకు మళ్లీ మొదలుపెట్టాం. ఆ మధ్యలో తిరిగి తిరిగి అలసిన రైతుకు ఆ అయిదేళ్లు ఎవరిస్తారు?

ఆంధ్రలో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకు పత్రం ఇస్తానంది గానీ, దానికి యజమాని సంతకం కావాలంది. భయపడే యజమాని సంతకం పెట్టడు. ఈసారి ఓటడగడానికి వచ్చే నాయకుడు ఎవరైనా, ఏ పార్టీవాడైనా, ఆ సంతకంతో పని లేకుండా పొలానికి వచ్చి చూసి పేరు రాసే ఉద్యోగినీ, రాయకపోతే అప్పీలు వినే అధికారినీ ఇస్తావా అని అడగండి. జవాబు కాగితం మీద రాసిమ్మనండి.