వేదిక కింద నిలబడ్డవాళ్ళు



ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు టూరింగ్ టాకీసుల నేల టిక్కెట్టు జనం గురించి రాస్తున్న రోజుల్లో దాన్ని పరిశోధనగా ఒప్పుకున్నవాళ్ళు తక్కువ. తెర మీద ఏముందో రాయడానికి చాలామంది ఉన్నారు. తెరకెదురుగా ఎవరు కూర్చున్నారు, ఎవరి పక్కన ఎవరు కూర్చోగలిగారు, ఎవరు గేటు దగ్గరే ఆగిపోయారు అన్నవి ఆయన ప్రశ్నలు. అవే ప్రశ్నలను నేను బ్రిటన్‌లోని స్కా, పంక్ కచేరీలకు పట్టుకెళ్ళాను. ఈ రెండు సంగీతాల చరిత్రలు రాసినవాళ్ళు రికార్డులను, బృందాలను, దుస్తులను వరసగా పేర్చారు. జమైకా లయ, లండన్ కోపం స్టూడియోల్లో కలిశాయన్నట్టు రాశారు. నా వాదన వేరు. అవి కలిసింది వేదిక కింద. అక్కడ వాటిని కలిపి ఉంచడానికి టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన పిల్లలు ప్రతి రాత్రీ కష్టపడ్డారు, కొన్ని రాత్రులు దెబ్బలు తిన్నారు.

జమైకా సంగతి మీకు తెలిసిందే. కింగ్‌స్టన్ సౌండ్ సిస్టమ్‌లు, కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్, ప్రిన్స్ బస్టర్‌ల పోటీ, 1962 ఆగస్టు 6న స్వాతంత్ర్యం, ఆ ఉత్సాహంలో స్కా ఊపందుకోవడం, ఇవన్నీ మళ్ళీ చెప్పను. ఒక్క విషయం మాత్రం మనసులో ఉంచుకోండి. సౌండ్ సిస్టమ్ దగ్గర వాయించేవాళ్ళుండరు. స్పీకర్లు, రికార్డులు, వాటి ముందు ఆడే జనం, అంతే. ఏ పాట నిలవాలో, ఏది పోవాలో ఆడేవాళ్ళే తేల్చేవారు. స్కా పుట్టుకలోనే శ్రోతకు ఆ అధికారం ఉంది.

వలస వెళ్ళిన జమైకన్లతో ఆ లయ ఇంగ్లండ్ చేరింది. 1964లో మిల్లీ స్మాల్ పాట దేశమంతా మోగింది. 1969లో డెస్మండ్ డెక్కర్ పాట అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరింది. ఆ రికార్డులు కొన్న తెల్ల కుర్రాళ్ళలో స్కిన్‌హెడ్లు ముఖ్యులు. నున్నగా కత్తిరించిన జుట్టు, బరువైన బూట్లు, ప్యాంటుకు పట్టీలు. జమైకన్ కుర్రాళ్ళ పక్కన నిలబడి, వాళ్ళ అడుగులు చూసి నేర్చుకుని ఆడేవారు. వాళ్ళలోనే కొందరు రాత్రి బస్టాపుల దగ్గర భారతీయులను, పాకిస్తానీయులను వెంటాడి కొట్టేవారు. నల్లవాళ్ళ పాటను ప్రేమించిన మనిషి మన రంగువాణ్ణి కొట్టగలిగాడు. సంగీతం మనుషుల్ని కలుపుతుందని తేలిగ్గా చెప్పేవాళ్ళ దగ్గర దీనికి జవాబు లేదు. నేను ఈ పనిలోకి దిగడానికి కారణమూ ఇదే.

తర్వాతి ఐదారేళ్ళు, తళుకు దుస్తుల రాక్, అరగంటసేపు సాగే గిటార్ వాదనలు, నన్ను ఎప్పుడూ పట్టుకోలేదు. శ్రోత కుర్చీలో కూర్చుని దూరం నుంచి చూసిన కాలం అది. దాటేద్దాం.

1976లో ఆ కుర్చీలు కదిలాయి. సెప్టెంబరులో లండన్ 100 క్లబ్‌లో రెండు రోజుల పంక్ ఉత్సవం జరిగింది. చోటు చాలని నేలమాళిగలో పక్కకు జరిగే వీల్లేక నిలువునా ఎగిరే నాట్యం అప్పుడే వ్యాపించింది. 1977 మే 9న రెయిన్‌బో థియేటర్‌లో పంక్ బృందం క్లాష్ కచేరీ జరుగుతుంటే అభిమానులు కుర్చీలు పీకేశారు. పత్రికలకు అది విధ్వంసం. నాకు అందులో నిలబడి ఆడే చోటు కావాలన్న పట్టుదల కనిపిస్తుంది. రాక్సీ క్లబ్‌లో రికార్డులు వేసింది జమైకన్ తల్లిదండ్రుల కొడుకు డాన్ లెట్స్. అప్పటికి పంక్ రికార్డులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అందుకని మధ్యలో స్కా నుంచి పుట్టిన రెగే, డబ్ వేసేవాడు. పంక్ కోసం వచ్చినవాళ్ళు రెగే వింటూ నిలబడ్డారు. సిద్ధాంతం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది రికార్డుల కొరత.

1977 జూన్‌లో క్లాష్ గాయకుడు జో స్ట్రమర్ హామర్‌స్మిత్ పాలే హాల్లో రాత్రంతా సాగిన రెగే కచేరీకి శ్రోతగా వెళ్ళాడు. ఆ హాల్లో తెల్లవాళ్ళు చాలా తక్కువ. తన చోటు ఏమిటో తెలియని ఇబ్బంది నుంచి పుట్టిన పాటను 1978లో విడుదల చేశాడు. పంక్ చరిత్రలో గొప్ప పాటల్లో ఒకటి ఒక అభిమాని కచేరీకి వెళ్ళొచ్చిన అనుభవం అన్న సంగతిని విమర్శకులు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

రాక్ అగెయినెస్ట్ రేసిజం ఉద్యమం గురించి రెండే మాటలు. 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్ వేదిక మీద ఎరిక్ క్లాప్టన్ వలసవాళ్ళకు వ్యతిరేకంగా మాట్లాడాడు. ఆగ్రహించిన కొందరు సంగీత పత్రికలకు ఉత్తరం రాశారు. అక్కడ మొదలైంది. 1978 ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి విక్టోరియా పార్కుదాకా వేలాదిమంది నడిచారు. పంక్ బృందాలు క్లాష్, ఎక్స్‌రే స్పెక్స్, రెగే బృందం స్టీల్ పల్స్ ఒకే వేదికెక్కాయి.

ఇప్పుడు కోవెంట్రీకి రండి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నా పనంతా ఇక్కడే.

అప్పట్లో కార్ల కర్మాగారాలు ఒకటొకటిగా మూతపడుతున్న ఊరు. స్పెషల్స్ బృందాన్ని నిలబెట్టిన జెర్రీ డామర్స్ ఆ ఊళ్ళో పెరిగాడు, పుట్టింది మాత్రం మన ఊటీలో, 1955లో. 1978లో స్పెషల్స్ క్లాష్‌కు ముందు వాయించే బృందంగా ఊళ్ళు తిరిగింది. బ్రాక్‌నెల్‌లో వలసవాళ్ళను వ్యతిరేకించే నేషనల్ ఫ్రంట్ పార్టీ స్కిన్‌హెడ్లు కచేరీ మీద పడి కొట్టారు. ఆ రాత్రే స్పెషల్స్ ఆలోచన పుట్టిందని డామర్స్ చెప్పాడు. స్కిన్‌హెడ్లకు ఒకప్పటి స్కాను తిరిగి వినిపించాలి, నల్ల తెల్ల కుర్రాళ్ళు ఒకే వేదిక మీద దాన్ని వాయించాలి. తనను కొట్టడానికి వచ్చినవాణ్ణే తన శ్రోతగా ఎంచుకున్న బృందాలు ఎన్ని ఉంటాయి?

1979లో స్పెషల్స్ వాళ్ళ టూ టోన్ రికార్డు లేబుల్ మొదలైంది. ఆ అక్టోబరులో స్పెషల్స్, మ్యాడ్‌నెస్, సెలెక్టర్ ఒకే యాత్రగా బయల్దేరాయి. సెలెక్టర్ గాయని పాలిన్ బ్లాక్ మగవాళ్ళ కోటూ టోపీ వేసుకుని వేదిక మీద నిలబడితే కింద ఆడపిల్లలు అదే వేషంలో వచ్చేవారు. నలుపు తెలుపు గళ్ళ బ్యాడ్జీలు, సన్నని టైలు, నాటి ఫోటోల్లో చూస్తే హాలంతా ఒక్క బృందంలా ఉంటుంది. అయినా ఆ హాళ్ళలో ప్రశాంతత లేదు. హాట్‌ఫీల్డ్ పాలిటెక్నిక్‌లో కత్తులు బయటికొచ్చాయి. గొడవ జరిగినప్పుడల్లా స్పెషల్స్ వాయించడం ఆపేసేది. గాయకులు వేదిక అంచుకొచ్చి కొట్టుకునేవాళ్ళతో మాట్లాడేవారు. చివరి పాటకు జనం వేదిక ఎక్కేవారు. 1980 అక్టోబరులో కేంబ్రిడ్జి కచేరీ మాత్రం వేరేలా ముగిసింది. కాపలావాళ్ళకూ అభిమానులకూ మధ్య గొడవను ఆపబోయిన డామర్స్, గాయకుడు టెర్రీ హాల్‌లనే పోలీసులు పట్టుకున్నారు. తలా 400 పౌండ్ల జరిమానా పడింది.

కోవెంట్రీ సెంట్రల్ లైబ్రరీలో పాత పత్రికలు తిరగేసిన మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తు. ఆ భవనం ఒకప్పటి లొకార్నో నాట్యశాల, తర్వాత టిఫనీస్. 1980లో అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరిన స్పెషల్స్ రికార్డు రెండో వైపు ధ్వనిముద్రణ జరిగింది అక్కడే. ఆ రికార్డు వినండి. వాద్యాలకు సమానంగా జనం వినిపిస్తారు. ఎక్కడ అరిచారో, ఎక్కడ కాళ్ళు ఒక్కసారిగా నేలను కొట్టాయో, ఏ పాటకు కొత్త గొంతులు కలిశాయో నేను రాసుకున్నాను. ఏ విమర్శ గ్రంథం కన్నా అది నాకు ఎక్కువ నేర్పింది.

2009లో స్పెషల్స్ మళ్ళీ కలిసి తిరిగినప్పుడు నేనూ జనంలో నిలబడ్డాను. డామర్స్ లేడు, ఆ లోటు నాకు చివరిదాకా తెలిసింది. నా చుట్టూ యాభైకి దగ్గరపడ్డ మనుషులు. లయ మొదలుకాగానే మోకాళ్ళు పైకి లేపి, మోచేతులు ఎదురెదురుగా ఊపుతూ ఆడటం మొదలుపెట్టారు. స్కాలో దెబ్బల మధ్య ఖాళీలో గిటార్ పడుతుంది. దానికి అడుగు కలపాలంటే పక్కవాడి కదలిక చూడక తప్పదు, లేకపోతే ఢీకొంటారు. ముందువరసలో ఒకాయన జారిపడ్డాడు. ఆయన నేలను తాకేలోపే నాలుగు వైపుల నుంచి చేతులొచ్చి లేపాయి, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పంక్ కచేరీల్లో పడ్డవాణ్ణి లేపడం అందరికీ తెలిసిన రివాజు. కానీ ఆ చేతుల వెనక ముప్పై ఏళ్ళ అభ్యాసం ఉంది.

ఇక్కడ నా పాత తగాదా ఒకటి మీ ముందుంచాలి. అధ్యక్షులు క్షమించాలి, కొంత సమయం తీసుకుంటుంది.

బర్మింగ్‌హామ్‌లో స్టువర్ట్ హాల్ చుట్టూ చేరిన పండితులు 70లలో యువజనుల వేషభాషల మీద గొప్ప పని చేశారు. వాళ్ళకు నేను ఋణపడి ఉన్నాను. డిక్ హెబ్డిజ్ 1979 గ్రంథంలో పంక్ పిన్నీసులనూ రెగేనూ రెండు సంకేతాలుగా చదివి, ఒకదానికొకటి ఎదురు నిలబెట్టాడు. చదువు అద్భుతం. అయితే పిన్నీసు పెట్టుకున్న పిల్ల ఆ రాత్రి ఏ బస్సులో ఇంటికి వెళ్ళింది? ఆమె టిక్కెట్టు డబ్బు ఎక్కడిది? పక్కన నిలబడ్డవాడు ఆమెను తోస్తే ఎవరు అడ్డుకున్నారు? ఆ గ్రంథంలో కచేరీ హాలుకు తలుపు లేదు. ఆ బర్మింగ్‌హామ్ పండితులు తెచ్చిన ఒక సంకలనంలో ఆంజెలా మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ ఆడపిల్లలెక్కడ అని 1976లోనే అడిగారు. ఆ ప్రశ్నను ముందుకు తీసుకెళ్ళవలసినంతగా ఎవరూ తీసుకెళ్ళలేదు.

రెండో తగాదా రోజర్ సాబిన్‌తో. పంక్ జాతివివక్షను ఎదిరించిందన్నది తర్వాత అల్లిన కథ అనీ, నల్లవాళ్ళతో స్నేహం గురించి గొప్పలు చెప్పుకున్న పంక్ ఆసియా వాళ్ళను మరిచిందనీ ఆయన 1999లో రాశాడు. రెండో మాట నిజం, నేను తలవంచుతాను. కానీ ఆయన సాక్ష్యాలు ప్రధానంగా పాటలు, ఇంటర్వ్యూలు, పత్రికలు. అంటే మళ్ళీ వేదిక, మళ్ళీ కాగితం. లండన్‌లో ఆసియా వాళ్ళు ఎక్కువగా ఉన్న సౌతాల్‌ను చూడండి. 1979 ఏప్రిల్ 23న నేషనల్ ఫ్రంట్ సభను అడ్డుకున్న జనం మీద పోలీసులు విరుచుకుపడ్డారు. ఆ జనంలో ఒకడైన బ్లెయిర్ పీచ్ చనిపోయాడు. స్థానిక రెగే బృందం మిస్టీ ఇన్ రూట్స్ నిర్వాహకుడి తల పగిలింది. మిస్టీ వాళ్ళ పీపుల్ యునైట్ సంస్థే తెల్ల పంక్ బృందం రట్స్ మొదటి రికార్డును వేసింది. ఆ జూలైలో సౌతాల్‌లో అరెస్టయిన నిందితుల కోర్టు ఖర్చుల కోసం రెయిన్‌బోలో క్లాష్ వాయించింది. ఏలియన్ కల్చర్ అనే బృందంలో ముగ్గురు పాకిస్తానీ కుటుంబాల కుర్రాళ్ళు. వలసల మీద థాచర్ అన్న మాటలను గుర్తుచేసే పేరు పెట్టుకుని పంక్ వాయించారు. ఇవన్నీ కథలంటే నేను ఒప్పుకోను.

అయితే సాబిన్‌కు నేనిచ్చే అసలు జవాబు మరొకటి. ఆసియా పిల్లలు హాల్లో తక్కువగా ఉన్నారంటే ఆసక్తి లేక కాదు, హాలుకూ ఇంటికీ మధ్య దారి ఉంది కాబట్టి. పదకొండు గంటలకు కచేరీ అయితే బస్టాపులో ఎవరు నిలబడి ఉంటారో వాళ్ళకు తెలుసు. 1981 ఏప్రిల్‌లో కోవెంట్రీ నడిబొడ్డున, పట్టపగలు, సత్నామ్ సింగ్ గిల్ అనే విద్యార్థిని స్కిన్‌హెడ్లు పొడిచి చంపారు. టూ టోన్ పుట్టిన ఊరు అది. జూన్ 20న స్పెషల్స్ ఆ ఊరి బట్స్ మైదానంలో జాతివివక్షకు వ్యతిరేకంగా కచేరీ పెట్టింది. అదే రోజు నేషనల్ ఫ్రంట్ ఊరేగింపు ప్రకటించింది. భయపడి చాలామంది రాలేదు, మైదానం నిండలేదు. ఆ ఖాళీ చోటు కూడా శ్రోతల చరిత్రే. రాలేకపోయినవాళ్ళను లెక్కలోకి తీసుకోని చరిత్ర సగమే అని మాస్టారు నేల టిక్కెట్టు జనం విషయంలో నిరూపించారు.

రెండు వారాలకు, జూలై 3న, స్కిన్‌హెడ్ బృందాల కచేరీ సౌతాల్ హాంబ్రో టావెర్న్‌లో పెట్టారు. ఆసియా కుర్రాళ్ళు పబ్బును తగలబెట్టారు. ఆ నెలలో ఊళ్ళు ఊళ్ళు అట్టుడుకుతుండగా స్పెషల్స్ పాట ‘ఘోస్ట్ టౌన్’ మొదటి స్థానానికి చేరింది. మూతపడ్డ నాట్యశాలల గురించీ, కొట్లాటల భయంతో కచేరీలు ఆగిపోవడం గురించీ ఉన్న పాట అది. ఆ ఏడాదే ముగ్గురు గాయకులు బృందాన్ని వదిలేశారు.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. మిగిలింది వేగంగా చెబుతాను.

అమెరికాలో 80లలో పంక్ హార్డ్‌కోర్‌గా మారింది, నాట్యం దెబ్బలాటైంది. ఫుగాజీ బృందం కొట్టుకునేవాళ్ళను చూస్తే పాట ఆపి, టిక్కెట్టు డబ్బు చేతిలో పెట్టి బయటికి పంపేది. 1986 చివరిలో బర్కిలీలో 924 గిల్మన్ స్ట్రీట్ అనే పంక్ క్లబ్ తెరుచుకుంది. మద్యం వద్దు, హింస వద్దు, జాతివివక్ష వద్దు అని తలుపు దగ్గరే నియమాలు. నడిపింది స్వచ్ఛందంగా పనిచేసే అభిమానులు. స్కానూ పంక్‌నూ కలిపిన ఆపరేషన్ ఐవీ అక్కడే ఎదిగి 1989లో ఆగిపోయింది. 90లలో స్కా పెద్ద రేడియోలకెక్కింది, పెద్ద కంపెనీలు వచ్చాయి, వెళ్ళాయి. ఆ వైభవం మీద నాకు చెప్పడానికి ఏమీ లేదు. 1998లో సంగీతకారుడు మైక్ పార్క్ నడిపిన స్కా అగెయినెస్ట్ రేసిజం యాత్ర మీద మాత్రం ఒక ఉపన్యాసం ఇవ్వాలి. వార్ప్డ్ టూర్ సంగీత యాత్ర, ఎండలో రోజంతా నిలబడ్డ పిల్లలు, అదీ మరోసారి. మన దేశంలో ఢిల్లీ బృందం స్కా వెంజర్స్ 2009 ప్రాంతంలో స్కా వాయించడం మొదలుపెట్టింది. ఆ కచేరీలకు ఎవరు వెళ్తారు, ఎలా తిరిగి వస్తారు, రాసినవాళ్ళు నాకు కనబడలేదు.

ఈ హాల్లో పరిశోధక విద్యార్థులున్నారు కనుక ఒక విన్నపం. 1979లో పదిహేడేళ్ళున్నవాళ్ళు ఇప్పుడు అరవై దాటారు. టెర్రీ హాల్ 2022 డిసెంబరులో పోయాడు. సంగీతకారుల జ్ఞాపకాలు ఎవరో ఒకరు రాసిపెడతారు. కోవెంట్రీలో, సౌతాల్‌లో, లెస్టర్‌లో కచేరీకి వెళ్ళాలనుకుని బస్సు దిగి వెనక్కి తిరిగిన పంజాబీ, గుజరాతీ పిల్లలు, తెగించి లోపలికి వెళ్ళిన కొద్దిమంది, వాళ్ళ మాటలు రికార్డు చేయాలి. నేను మొదలుపెట్టిన టేపులు విభాగం గ్రంథాలయంలో ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు ముందుకొస్తే ఈ వేసవిలోనే పని మొదలుపెట్టవచ్చు. సభ అయ్యాక నన్ను కలవండి.